ఆదివారం కూరలో అమ్మ వాటా

మా ఇంట్లో ఆదివారం అంటే కేజీ కోడి. తినేవాళ్ళం ఏడుగురం. తాతకు పళ్ళు లేవని మెత్తటి ముక్కలు, నాన్నకు లెగ్ పీసు, తమ్ముడికి కార్జం. కార్జం తింటే కళ్ళు బాగా కనపడతాయని నానమ్మ వాడి కంచంలోనే వేసేది. కందనకాయ కోసం నేనూ అక్కా కొట్టుకునేవాళ్ళం. అందరూ లేచాక అమ్మ గిన్నె దగ్గరకు లాక్కుని, అడుగున మిగిలిన పులుసులో అన్నం వేసి ఆ గిన్నెలోనే కలుపుకునేది. మెడ ముక్కో రెక్క ముక్కో దొరికితే దొరికినట్టు. "నాకు ముక్కలకంటే పులుసే ఇష్టం" అనేది. చాలా ఏళ్ళు అది నిజమేననుకున్నాను.

ఆ గిన్నె గురించి ఇన్నేళ్ళ తర్వాత రాయడానికి కారణం రెండు అంకెలు. అవి ఒకదానితో ఒకటి పొసగవు.

మొదటిది: తెలుగువాళ్ళలో నీచు ముట్టనివాళ్ళు బహు తక్కువ. 2014లో, జనన మరణాలు లెక్కగట్టే ప్రభుత్వ నమూనా నమోదు వ్యవస్థ కింద చేసిన సర్వేలో, 15 ఏళ్ళు దాటినవాళ్ళలో తెలంగాణలో దాదాపు 99 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 98 శాతం మాంసాహారులని తేలింది. దేశంలోనే ముందు వరస. రెండోది: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. దేశ సగటు 57. అయిదేళ్ళలోపు పిల్లల్లో ఆంధ్రప్రదేశ్‌లో 63.2, తెలంగాణలో 70. అంటే శాకాహారులు ఎక్కువున్న రాష్ట్రాలతో కలిపి తీసిన సగటు కంటే మన ఆడవాళ్ళ పరిస్థితి ఏమంత మెరుగ్గా లేదు.

నెత్తురు తక్కువ కావడానికి విటమిన్ల లోపం ఒక్కటే కారణం కాదు. ఇనుము చాలకపోవడం, నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం, వెంటవెంటనే కాన్పులు, కడుపులో నులిపురుగులు, అన్నీ ఉంటాయి. అయినా మాంసం తినే జనంలో ఇంత లోపం ఎందుకన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. సర్వేలో "మాంసాహారి" అంటే తినే అలవాటు ఉందా లేదా అన్నంతవరకే. ఎంత తింటారు, వారానికి ఎన్నిసార్లు తింటారు, ఆ ఇంట్లో ఎవరు తింటారు అన్నవి ఆ అంకెలో కనిపించవు. అసలు విషయమంతా వాటిలోనే ఉంది.

అది అర్థం కావాలంటే, రక్తకణాల తయారీకి కావలసిన బీ12 అనే విటమిన్‌ను దగ్గరగా చూడాలి.

బీ12ను చెట్లు తయారు చేయలేవు, జంతువులూ తయారు చేయలేవు. బ్యాక్టీరియా మాత్రమే చేయగలదు. గేదె, మేక, గొర్రె గడ్డి మేసినప్పుడు వాటి పొట్టలోని సూక్ష్మజీవులు, గడ్డితో పాటు వచ్చిన కోబాల్టును వాడి దీన్ని తయారు చేస్తాయి. అక్కడి నుంచి అది పాలలోకి, కండలోకి, కార్జంలోకి చేరుతుంది. అందుకే ఎంత ఆకుకూర తిన్నా, ఎంత పప్పు తిన్నా ఈ ఒక్కటి రాదు. చద్దన్నంలో వస్తుంది, ఇడ్లీ పిండి పులిస్తే వస్తుంది అని ఫోన్లలో వీడియోలు తిరుగుతుంటాయి. చద్దన్నం మంచిదే, కానీ బీ12 కోసం దాని మీద ఆధారపడొద్దు.

పెద్దవాళ్ళకు రోజుకు కావలసింది రెండు మైక్రోగ్రాముల పైచిలుకు. గ్రాములో పది లక్షల వంతును మైక్రోగ్రాము అంటారు, కాబట్టి ఇది కంటికి ఆనని పరిమాణం. గర్భిణికి, బాలింతకు కొంచెం ఎక్కువ కావాలి. గ్లాసు పాలలో సుమారు ఒక మైక్రోగ్రాము దొరుకుతుంది. కోడిగుడ్డులో అర మైక్రోగ్రాము ఉంటుంది గానీ, అది పాలలోదంత బాగా ఒంటికి పట్టదు. వంద గ్రాముల మేక మాంసంలో రెండు, రెండున్నర దాకా ఉంటుంది. వంద గ్రాముల కోడి మాంసంలో మాత్రం 0.3 దగ్గరే. మన ఆదివారాలన్నీ నడిచేది దాని మీదే.

కోడి కార్జం సంగతి వేరు. వంద గ్రాముల కార్జంలో 16 మైక్రోగ్రాముల దాకా ఉంటుంది. ఒక కోడిలో కార్జం ముప్పై, నలభై గ్రాములు అనుకుంటే అయిదారు మైక్రోగ్రాములు. మిగతా కోడి మాంసమంతా కలిపినా రెండు, మూడుకు మించదు. అంటే మా గిన్నెలో ఉన్న బీ12లో చాలా భాగం తమ్ముడి కంచంలోని ఆ చిన్న ముక్కలోనే ఉండేది. నానమ్మ చెప్పిన కళ్ళ మాట కూడా ఉత్తది కాదు, కార్జంలో విటమిన్ ఏ దండిగా ఉంటుంది. పొరపాటల్లా అది ఒక్కడికే వెళ్ళడంలో ఉంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆహారంలోని బీ12ను పేగు గ్రహించాలంటే, జీర్ణాశయం గోడలు విడుదల చేసే ఒక ప్రోటీన్ దాన్ని పట్టుకుని తీసుకెళ్ళాలి. ఆ ప్రోటీన్ ఒక పూటకు మోయగలిగింది ఒకటిన్నర, రెండు మైక్రోగ్రాములే. అంతకు మించి తిన్నదాంట్లో చాలా స్వల్ప భాగమే ఒంటికి పడుతుంది. పండగ పూట అరకేజీ మటన్ తిన్నా నెలకు సరిపడా నిల్వ అయిపోదు. రోజూ కాస్తంత పాలో, పెరుగో, చేపో తినే మనిషి, నెలకోసారి విందు తినే మనిషికంటే మెరుగ్గా ఉంటుంది. మన పల్లెల్లో మాంసం తిండి మాత్రం విందు లెక్కనే నడుస్తుంది. ఆదివారం, పండగ, జాతర, పెళ్ళి.

క్యాలెండరు పట్టుకుని లెక్క వేస్తే ఇంకా తెలుస్తుంది. సోమవారం శివుడికి, గురువారం సాయిబాబాకు, శనివారం వెంకన్నకు నీచు తినని ఇళ్ళు ఎన్నో. శ్రావణమాసం, కార్తీకమాసం చాలామంది పూర్తిగా మానేస్తారు. ఇంట్లో ఒకరు అయ్యప్ప మాల వేస్తే 41 రోజులు ఇంట్లో అందరికీ బంద్. ఈ నియమాలను నేను తప్పు పట్టడం లేదు, మా ఇంట్లోనూ ఉన్నాయి. అయితే ఆ రోజుల్లో మాంసం బదులు కంచంలోకి ఏం వచ్చిందన్నదే ప్రశ్న. గ్లాసు పాలు, కప్పు గడ్డపెరుగు వస్తే ఫర్వాలేదు. చాలా ఇళ్ళలో వచ్చేది పచ్చిమిరపకాయ చారు, నీళ్ళ మజ్జిగ.

గేదె ఉన్న ఇంట్లో పాలకు కొదవేమిటి అనిపిస్తుంది. పొద్దున్నే అయిదింటికి పాలకేంద్రం దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. క్యాన్లు వరసగా పెట్టి ఉంటాయి, వెన్న శాతం చూసి చీటీ రాస్తారు, పదిహేను రోజులకో బిల్లు వస్తుంది. ఆ బిల్లుతోనే పిల్లల ఫీజులు, డ్వాక్రా వాయిదా, గేదెకు దాణా. ఇంట్లో మిగుల్చుకునేది టీకి అరలీటరు. చేతికి డబ్బు వచ్చిన మాట నిజమే, ఆ డబ్బు ఆ ఇంటి ఆడవాళ్ళ కష్టం. కానీ పాలు గడప దాటాక తిరిగి కంచంలోకి రావు.

నాటుకోళ్ళదీ ఇదే కథ. ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెట్టే పెట్ట ఉంటే, ఆ గుడ్లు పొదగేయడానికే ఎక్కువ పోతాయి, పిల్లలు ఎదిగితే పుంజు పండక్కి అమ్ముడవుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ తయారు చేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు పెరట్లోనే తిరుగుతూ ఎక్కువ గుడ్లు పెట్టేది ఇలాంటి ఇళ్ళ కోసమే. ఇంకోవైపు గోదావరి జిల్లాల ఫారాల నుంచి గుడ్ల లారీలు బెంగాల్, ఒడిశాలకు పోతుంటాయి, మన చెరువుల రొయ్య అమెరికాకు పోతుంది. చేపలు, రొయ్యలు, గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ముందుండే రాష్ట్రంలో పదిమంది ఆడవాళ్ళలో ఆరుగురికి నెత్తురు చాలకపోవడం నాకు మింగుడు పడదు.

ఒకప్పుడు డబ్బు పెట్టకుండా దొరికే నీచు చాలా ఉండేది. నాట్ల కాలంలో మడిలో పీతలు, నత్తలు, కాలువలో పరిగెలు, జెల్లలు. పిల్లలు పంచె అడ్డం పెట్టి పట్టుకొచ్చిన దోసెడు చేపలతో ఒక పూట గడిచేది. ఈ చిన్న చేపల్ని ముల్లుతో సహా తింటారు కాబట్టి బీ12తో పాటు కాల్షియం కూడా దొరికేది. పొలంలో పురుగుమందులు పెరిగాక, కుంటలు పూడిపోయాక, చెరువులు వేలం పాటకు వెళ్ళాక ఆ తిండి పోయింది. దాని స్థానంలోకి బాయిలర్ కోడి వచ్చింది, అదీ వారానికోసారి.

మరో మాట కూడా చెప్పుకోవాలి. కూలి చేసుకునే కులాలు తరతరాలుగా తిన్న పెద్దకూర, బోటీ, తలకాయ, నల్ల (కూరగా వండే నెత్తురు), ఎండబెట్టిన మాంసం అన్నీ పోషకాల గనులు. నల్లలో ఉండే ఇనుము, ఆకుకూరలోని ఇనుముకంటే ఎన్నో రెట్లు సులువుగా ఒంటికి పడుతుంది. ఆ తిండిని ఊరు చిన్నచూపు చూసింది. బడిలో, హాస్టల్లో ఆ పేరు చెప్పడానికి పిల్లలు సిగ్గుపడేలా చేసింది. ఆ సిగ్గుతో ఆ తిండి కొన్ని ఇళ్ళలో తగ్గిపోయింది. తగ్గినచోటికి గుడ్లూ పాలూ రాలేదు, బిస్కెట్ ప్యాకెట్ వచ్చింది.

ఇక లోపం ఒంట్లో ఏం చేస్తుందంటే, మొదట ఏమీ చేయదు. అందుకే ప్రమాదం. కాలేయంలో బీ12 ఏళ్ళ తరబడి సరిపోయేంత నిల్వ ఉంటుంది. అది మెల్లగా కరుగుతుంది. అప్పుడు నీరసం, నాలుక ఎర్రగా నున్నగా కావడం, నోటిపూత, తర్వాత అరికాళ్ళ మంటలు, చేతులూ కాళ్ళూ తిమ్మిర్లు, చీకట్లో నడిస్తే తూలడం, మతిమరుపు. రక్తం తగ్గడానికి ముందే నరాలు దెబ్బతినొచ్చు.

మా వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. పదేళ్ళుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ బిళ్ళ, దాంతో పాటు పరగడుపున గ్యాస్ బిళ్ళ. అరికాళ్ళు మంటలని రాత్రుళ్ళు తడి గోనెసంచి మీద కాళ్ళు పెట్టుకుని పడుకునేది. షుగరు ఉంటే అంతేలే అని అందరూ అన్నారు. ఊళ్ళో వైద్యం చేసే ఆయన అప్పుడప్పుడూ ఎర్ర సూది వేసేవాడు. అది వేయించుకున్న నెల బాగుండేది, తర్వాత మళ్ళీ మామూలే. ఆ సూదికి ఎర్రరంగు బీ12దే, అందులోని కోబాల్టు వల్ల ఆ రంగు. అది పనిచేస్తోందంటే లోపం ఏమిటో అదే చెబుతోంది. ఎందుకు లోపించిందని మాత్రం ఎవరూ అడగలేదు. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బీ12 పేగుల్లో సరిగా పట్టదు. గ్యాస్ బిళ్ళ ఆమ్లాన్ని తగ్గిస్తుంది, ఆమ్లం లేనిదే తిండిలోని బీ12 విడివడదు. దానికితోడు ఆమె తినేది చారన్నం. మూడూ ఒకే మనిషి మీద పడ్డాయి. చివరకు టౌనులో రక్తపరీక్ష చేయిస్తే బయటపడింది. షుగరు బిళ్ళ ఎవరూ సొంతంగా మానేయకూడదు. ఏళ్ళుగా వాడుతూ తిమ్మిర్లు ఉన్నవాళ్ళు మాత్రం బీ12 పరీక్ష రాయమని డాక్టరును నోరు తెరిచి అడగాలి. లోపం ముదిరాక తిండితో పూడదు, బిళ్ళలో సూదులో కావలసిందే.

ఇక్కడ మన తెలుగు నేలకు చెందిన ఒక కథ ఉంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు బొంబాయి వచ్చి, గర్భిణుల్లో వచ్చే ఒక రకం రక్తహీనతను పరిశీలించింది. ఈస్టు సారం తినిపిస్తే వాళ్ళు కోలుకుంటున్నారని గమనించింది. అందులో ఉన్న పదార్థం ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది. దాన్ని 1945లో అమెరికాలో లెడర్లీ సంస్థలో కృత్రిమంగా తయారు చేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. పేగులు పోషకాల్ని గ్రహించలేని స్ప్రూ జబ్బుతో ఆయన అన్నదమ్ములు చనిపోయారు, ఆయనా దాని బారిన పడి బతికారు. ఆ జబ్బుకే ఫోలిక్ యాసిడ్ మందయింది. బీ12ను విడిగా తీయగలిగింది 1948లో, సుబ్బారావు కన్నుమూసిన ఏడాదే.

ఈ రెండు విటమిన్లూ కొత్త రక్తకణాల తయారీలో ఒకదాని చేయి ఒకటి పట్టుకుని పనిచేస్తాయి. అందుకే ఆ రోజుల్లో బీ12 లోపం ఉన్నవాళ్ళకూ ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూశారు. రక్తం పెరిగింది, డాక్టర్లు సంతోషించారు. కొన్నాళ్ళకు కొందరి నరాలు దెబ్బతిన్నాయి. ఫోలిక్ యాసిడ్ రక్తం లెక్కను సరిచేసి, లోపల సాగుతున్న బీ12 లోపాన్ని కనపడకుండా చేసిందన్నమాట.

ఇప్పుడు ఆశ కార్యకర్త గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. అది తప్పకుండా వేసుకోవాలి, తల్లీబిడ్డల్ని కాపాడే మాత్ర అది. కానీ అందులో బీ12 లేదు. "రోజూ బిళ్ళ వేసుకుంటున్నానుగా" అనే ధీమా ఈ ఒక్క విషయంలో పనికిరాదు.

తల్లికి లేనిది బిడ్డకు రాదు. బీ12 చాలని తల్లి పాలలోనూ అది చాలదు. 1962లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్లు లాన్సెట్ పత్రికలో ఇలాంటి పసివాళ్ళ గురించి రాశారు. నవ్వడం మానేసిన పిల్లలు, నేర్చిన కూర్చోవడం మరిచిపోయిన పిల్లలు, వేళ్ళ కణుపుల దగ్గర చర్మం నల్లబడినవాళ్ళు, చేతులు వాటంతటవే కదిలేవాళ్ళు. బీ12 ఇచ్చాక తేరుకున్నారు. మన దగ్గర బాలింత పథ్యం పేరుతో నెలల తరబడి పాలు, పెరుగు, గుడ్లు ఆపే ఇళ్ళున్నాయి. కోస్తా ఊళ్ళలో మాత్రం పాలు పడతాయని బాలింతకు సొరచేప వండి పెడతారు. ఈ రెండో పద్ధతి పాటించే పెద్దవాళ్ళకు నేను చేతులెత్తి మొక్కుతాను.

పిల్లలు పెద్దయ్యేకొద్దీ లోపం తగ్గాలి కదా, తగ్గడం లేదు. 2016–18లో దేశమంతా చేసిన సమగ్ర పోషకాహార సర్వేలో బీ12 లోపం 1–4 ఏళ్ళ పిల్లల్లో 14 శాతం, 5–9 ఏళ్ళవాళ్ళలో 17 శాతం, 10–19 ఏళ్ళవాళ్ళలో 31 శాతం. ఈ 31 శాతంలోని ఆడపిల్లలే ఇంకొన్నేళ్ళకు తల్లులు.

బీ12లా కాకుండా, కళ్ళకు కావలసిన విటమిన్-ఏ విషయంలో మాత్రం ఆకుకూరలు చాలా భారం మోయగలవు. మునగాకు, తోటకూర, పొన్నగంటి, బొప్పాయి, మామిడిపండులోని బీటా కెరోటిన్‌ను ఒళ్ళు విటమిన్ ఏగా మార్చుకుంటుంది. గుడ్డు, కార్జంలో ఉన్నది నేరుగా పనికొస్తుంది, ఆకులోది మారాలి గనుక ఎక్కువ కావాలి, నూనె తగలాలి. రేచీకటిని ఆపడానికి ఆరు నెలలకోసారి పిల్లలకు విటమిన్ ఏ మందు పోసే కార్యక్రమం వెనక హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన ఉంది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మిలో గర్భిణికి, బాలింతకు అంగన్‌వాడీలోనే ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెట్టారు. అక్కడే కూర్చుని తినాలన్న నియమమే దాని బలం. ఎందుకంటే ఇంటికిచ్చిన గుడ్లు ఇంటిల్లిపాదికీ పంచుకుంటారు, అమ్మ వాటా మళ్ళీ పులుసే. బడి భోజనంలో గుడ్డు పెట్టడం కూడా పిల్లలకు నిజంగా అందే మేలు. గుడ్డు పెట్టాలా వద్దా అని చర్చ వచ్చినప్పుడల్లా నాకు టెన్షన్ వస్తుంది. తినని పిల్లలకు పాలో అరటిపండో ఇవ్వొచ్చు, తినే పిల్లల గుడ్డు ఆపడం దేనికి?

రేషన్‌లో ఇచ్చిన బలవర్ధక బియ్యం సంగతి కూడా చూద్దాం. వంద కేజీల బియ్యానికి కేజీ చొప్పున ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి చేసిన గింజలు కలిపారు. అవి కాస్త వేరుగా కనపడతాయి, నీళ్ళలో తేలతాయి. ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారబోసిన ఇళ్ళు నాకు తెలుసు. అవి ప్లాస్టిక్ కాదు, బియ్యప్పిండితో చేసినవే. అయితే లెక్క కూడా తెలియాలి. నిబంధన ప్రకారం కేజీ బియ్యంలో బీ12 సుమారు ఒక మైక్రోగ్రాము. రోజుకు 300 గ్రాములు తిన్నా వచ్చేది 0.3. ఉన్నదానికి తోడవుతుంది, అంతే. పాల గ్లాసుకు అది బదులు కాదు.

పూర్తి శాకాహారులకైతే పాలూ పెరుగే దారి, అవీ తీసుకోనివాళ్ళు డాక్టరు చెప్పినట్టు బిళ్ళ వేసుకోవాలి. మిగతావాళ్ళకు నేను చెప్పేది పెద్ద ఖర్చు కాదు. పాలకేంద్రానికి పోసే క్యాన్‌లోంచి ఇంటికి ఒక గ్లాసు ఎక్కువ ఆపుకోవడం. సంతలో ఎండు నెత్తళ్ళు, ఎండు రొయ్యలు కొని డబ్బాలో పెట్టుకుని వంకాయలోనో గోంగూరలోనో వారానికి రెండు మూడుసార్లు గుప్పెడు వేయడం. బీపీ ఉంటే ఉప్పు పోయేలా వేడినీళ్ళలో నానబెట్టి కడగాలి. మటన్ కొట్టులో వంద గ్రాముల కార్జం అడగడం. గర్భిణులు మాత్రం కార్జం జోలికి ఎక్కువ పోకూడదు, అందులోని విటమిన్ ఏ మోతాదు మించితే బిడ్డకు చేటు.

ఇప్పుడు ఆదివారం కోడి కడిగేది నేనే. కార్జాన్ని మూడు ముక్కలు చేస్తాను. ఒక పూటకు ఒంటికి పట్టేది ఎలాగూ రెండు మైక్రోగ్రాములే కాబట్టి ముగ్గురికీ సరిపోతుంది. ఒకటి అక్క కూతురికి, ఒకటి తమ్ముడి కొడుక్కి, ఒకటి అమ్మకు. మొదట అమ్మ కంచంలో వేశాకే మిగతావాళ్ళకు వడ్డిస్తాను. ఆమె ఇప్పటికీ ఆ ముక్కను అంచుకు జరిపి "పిల్లాడికి పెట్టరాదూ" అంటుంది. వాడి ముక్క వాడి కంచంలో ఉందని చూపిస్తే, అప్పుడు తింటుంది.